చిన్న ట్రాక్టరుతో తొలి యాభై గంటలు: ఉత్తరాంధ్ర రైతులకు భద్రతా సూచనలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కమతాలు చిన్నవి, మడులు మరీ చిన్నవి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. వంశధార, నాగావళి ఆయకట్టులోనూ, చెరువుల కింది పల్లపు భూముల్లోనూ ఆ కొద్దిపాటి భూమి కూడా గట్లతో అనేక మడులుగా విడిపోయి ఉంటుంది. 45-50 అశ్వశక్తి గల ట్రాక్టరు అటువంటి మడిలో తిరగడానికి సగం భూమి సరిపోతుంది. జీడి, కొబ్బరి తోటల మధ్య, చెరకు సాళ్ల మధ్య దానికి అసలు దారే ఉండదు. అందువల్ల 15 నుంచి 30 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్లు ఈ ప్రాంతపు సేద్యానికి సహజంగా సరిపోతాయి. కూలీల కొరత, ఎడ్ల పోషణ భారం, వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద 2014-15 నుంచి లభిస్తున్న రాయితీలు కూడా రైతును ఆ దిశగా నడిపిస్తున్నాయి.

చిన్న ట్రాక్టరు కొనే రైతుల్లో చాలామందికి ఇదే మొదటి ట్రాక్టరు. అంతకు ముందు ఆయన ఎడ్లతో దున్నించి ఉంటారు, లేదా అద్దె ట్రాక్టరును గట్టు మీద నిలబడి చూసి ఉంటారు. ఎడ్లతో పనిచేసిన అనుభవం ఎంతో విలువైనదే గాని, యంత్రం దగ్గర అది ఒక విషయంలో దారి తప్పిస్తుంది. ఎద్దు కాలు బురదలో దిగబడితే ఆగుతుంది, మనిషి కింద పడితే ఆగుతుంది, అదిలిస్తే ఆగుతుంది. ఇంజనుకు ఆ స్వభావం లేదు. ట్రాక్టరును అప్పగించే రోజున విక్రేత ఇచ్చే సూచనలు ఎక్కువగా గేర్లు, నూనె, వారంటీ గురించినవే. బురద, గట్టు, కళ్లం, రోడ్డు అనే నాలుగు చోట్ల యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో రైతు తానే తెలుసుకోవలసి వస్తోంది. మొదటి నూనె మార్పిడికి సాధారణంగా తయారీదారులు నిర్దేశించే తొలి 50 గంటలనే శిక్షణ కాలంగా కూడా పరిగణిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

చిన్నదైనందువల్ల వచ్చే ప్రమాదం

"చిన్న బండే కదా" అన్న మాట గ్రామాల్లో తరచుగా వినిపిస్తుంది. బోల్తా పడే విషయంలో మాత్రం చిన్నదనం రక్షణ ఇవ్వదు. ఉదాహరణకు, వెనుక చక్రాల మధ్య దూరం 80 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున గల చిన్న ట్రాక్టరును తీసుకుందాం. నిశ్చలంగా ఉన్నప్పుడు అది పక్కకు ఒరగడానికి పరిమితి సుమారు 34 డిగ్రీలు. చక్రాల మధ్య 140 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం 80 సెంటీమీటర్లు గల పెద్ద ట్రాక్టరుకు ఆ పరిమితి 41 డిగ్రీలు. పైకి తేడా ఏడు డిగ్రీలే అనిపిస్తుంది. అయితే ఒక వైపు చక్రం 20 సెంటీమీటర్ల గట్టు ఎక్కినప్పుడు పెద్ద ట్రాక్టరు 8 డిగ్రీలు ఒరిగితే, చిన్నది 14 డిగ్రీలకు పైగా ఒరుగుతుంది. అదే క్షణంలో రెండో వైపు చక్రం గుంతలో పడితే ఇక మిగిలేది చాలా తక్కువ.

మలుపులో వేగం పాత్ర ఇంకా పెద్దది. పక్కకు నెట్టే బలం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. పై కొలతలు గల చిన్న ట్రాక్టరును చదునైన నేలపై 4 మీటర్ల వ్యాసార్ధంతో తిప్పితే, లెక్క ప్రకారం గంటకు 18 కిలోమీటర్ల వేగం వద్దే లోపలి చక్రం నేలను వదులుతుంది. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్నుపై ఊగుతూ ఉండటం వల్లా, నేల ఎగుడుదిగుడుల వల్లా వాస్తవంలో అంతకంటే తక్కువ వేగంలోనే ఈ స్థితి వస్తుంది. చక్రాల మధ్య దూరాన్ని సర్దుకునే వీలున్న నమూనాల్లో, సాళ్ల మధ్య పని లేనప్పుడు దాన్ని వెడల్పు చేసి ఉంచడం మంచిది. తోట పనికోసం ఇరుకుగా పెట్టిన చక్రాలతోనే రైతు రోడ్డెక్కడం మామూలైపోయింది.

పనిముట్టు బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 800 కిలోల ట్రాక్టరు బరువులో 40 శాతం, అంటే 320 కిలోలు ముందు ఇరుసుపై ఉన్నాయనుకుందాం. ఇరుసుల మధ్య దూరం ఒకటిన్నర మీటరు. 200 కిలోల రోటావేటరును ఎత్తినప్పుడు దాని బరువు వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుకగా వేలాడితే, ముందు ఇరుసుపై నుంచి 133 కిలోలు తగ్గిపోతాయి. మిగిలేది 187 కిలోలు, అంటే మొత్తం 1,000 కిలోల్లో 19 శాతం కన్నా తక్కువ. ముందు ఇరుసుపై కనీసం 20 శాతం బరువుండాలన్నది సాధారణ నియమం. స్టీరింగు తేలికగా అనిపించడం, గుంతలో ముందు చక్రాలు లేచినట్లుండటం ఈ లోటుకు గుర్తులు. కొత్త యజమాని మాత్రం స్టీరింగు తేలిక కావడాన్ని బండి మంచితనంగా భావిస్తారు. ముందు బంపరుకు తయారీదారు సూచించిన బరువులు బిగించడం, పనిముట్టును అవసరమైనంత ఎత్తు మాత్రమే లేపడం దీనికి పరిష్కారం.

దమ్ము మడిలో

జులై, ఆగస్టు నెలల్లో ఉభాల సమయానికి చిన్న ట్రాక్టరుకు అసలైన పరీక్ష మొదలవుతుంది. కాలువ నీరు ఒకేసారి వదలడంతో ఊరంతా ఒకే వారంలో దమ్ము చేయవలసి వస్తుంది. ఆ తొందరలో నేర్చుకునే వ్యవధి ఉండదు. ప్రాణాంతకమైన ప్రమాదానికి అవకాశం ఎక్కువగా ఉండేది కూడా ఇక్కడే కనుక, ఈ భాగాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ట్రాక్టరు వెనక్కి తిరగబడటానికి కారణం తెలిస్తే, మిగిలిన జాగ్రత్తలన్నీ దాని నుంచే వస్తాయి. ఇంజను వెనుక ఇరుసును తిప్పాలని చూస్తుంది. చక్రాలు తిరిగితే బండి ముందుకు కదులుతుంది. చక్రాలు కదలలేని స్థితిలో ఉంటే, అదే బలం ఇరుసు చుట్టూ బండి శరీరాన్నే పైకి లేపుతుంది. పొడి నేలపై టైరు జారడం ఒక విధమైన రక్షణ; బలం హద్దు దాటితే టైరు జారి ఒత్తిడి తగ్గుతుంది. దమ్ముకు వాడే ఇనుప కేజ్ చక్రాలు బురదను గట్టిగా పట్టుకుంటాయి. అవి గట్టి పొర వరకు దిగబడితే ఆ రక్షణ పోతుంది. ఆ స్థితిలో క్లచ్‌ను ఒక్కసారిగా వదిలి యాక్సిలరేటరు పెంచితే ముందు భాగం లేస్తుంది. లేవడం మొదలైన ముప్పాతిక సెకనులోపే అది తిరిగి దించలేని స్థితికి చేరుతుంది; సుమారు ఒకటిన్నర సెకనులో బండి పూర్తిగా బోర్లాపడుతుంది. ఆపదను గుర్తించి కాలితో క్లచ్ తొక్కడానికి మనిషికి దాదాపు అంతే సమయం పడుతుంది. అప్రమత్తంగా ఉంటే ఆపగలననుకోవడానికి ఇక్కడ ఆస్కారం లేదు.

దిగబడిన చక్రం కింద దుంగను అడ్డంగా పెట్టడం, ఇంకా ప్రమాదకరంగా దుంగను చక్రానికే కట్టి ముందుకు లాగించడం పల్లెల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ దుంగ చక్రాన్ని ఆపేస్తుంది, బండి లేస్తుంది. దిగబడినప్పుడు చేయవలసిన మొదటి పని ఇంజను వేగం తగ్గించడం. తర్వాత పి.టి.ఓ.ను ఆపి, పనిముట్టును కొద్దిగా లేపి, తక్కువ గేరులో నెమ్మదిగా వెనక్కి రావడానికి ప్రయత్నించాలి. రాకపోతే పనిముట్టును విప్పి, చక్రాల చుట్టూ బురద తవ్వి, మరో ట్రాక్టరు సాయం తీసుకోవాలి. లాగే బండికి గొలుసును డ్రాబారుకే తగిలించాలి. టాప్ లింకుకు గాని, ఇరుసుకు గాని, సీటు కింది భాగానికి గాని కట్టరాదు. గొలుసు ఎంత ఎత్తున కడితే లాగే బండి అంత సులువుగా వెనక్కి లేస్తుంది. గొలుసు బిగిసే వేళ పక్కన ఎవరూ నిలబడకూడదు. తెగిన గొలుసు కొరడాలా వస్తుంది.

మడి నుంచి మడికి దాటేటప్పుడు గట్టును నేరుగా ఎక్కించడం రెండో ప్రమాదం. పారతో గట్టును కోసి వాలుగా దారి చేయడానికి పది నిమిషాలు చాలు. ఆ గండిని తిరిగి పూడ్చాలి కనుక, పక్క రైతుతో మాట తకరారు వస్తుందని చాలామంది దాన్ని చేయరు. ఈ విషయంలో గ్రామ స్థాయిలో ముందే ఒప్పందం చేసుకుని, ప్రతి చెక్కకు ఒక స్థిరమైన దాటుడు దారి పెట్టుకోవడం సాంకేతిక సలహాల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. నిటారుగా ఉన్న చోట ఎక్కక తప్పకపోతే వెనుక నుంచి, అంటే రివర్స్ గేరులో ఎక్కాలి. దిగేటప్పుడు ముందుకే దిగాలి. రెండు సందర్భాల్లోనూ బరువైన వెనుక ఇరుసు ఎత్తు వైపే ఉంటుంది. కాలువ గట్లు, గెడ్డ ఒడ్డులు, ఉద్దానంలో ఒర కట్టని నేల బావుల దగ్గర, గుంత ఎంత లోతో కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. తడిసిన ఇసుక నేలలో ఇంకా ఎక్కువ దూరం అవసరం.

దమ్ము మడిలో బోల్తా పడిన మనిషికి బండి బరువుతో పాటు బురద కూడా శత్రువే. ముఖం బురదలో కూరుకుపోతే కొద్ది నిమిషాలే గడువు. అందుకే ఒంటరిగా దమ్ము చేయకూడదు. గట్టు మీద ఉన్న వ్యక్తికి, అది భార్య అయినా, కొడుకైనా, కూలి మనిషైనా, ఇంజను ఆపే నాబ్ ఎక్కడుందో, దాన్ని ఎటు లాగాలో ముందే చూపించి చేయించాలి. శిక్షణ శిబిరాలకు యజమాని ఒక్కరే రావడం, ఆపదలో పక్కన ఉండే కుటుంబ సభ్యులకు ఆ నాబ్ కూడా తెలియకపోవడం ప్రస్తుత పద్ధతిలోని పెద్ద లోపం.

పి.టి.ఓ., కళ్లం

ప్రామాణిక పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9 సార్లు. 7 సెంటీమీటర్ల వ్యాసం గల షాఫ్టు ఒక్క సెకనులో దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టుకుంటుంది. తువ్వాలు, లుంగీ అంచు, చీర కొంగు, విప్పుకున్న జుట్టు ఏదైనా సరే, చిక్కుకున్నాక విడిపించుకునే వ్యవధి ఉండదు. షాఫ్టుపై ప్లాస్టిక్ కవచం మొదటి సీజనులోనే పగిలిపోవడం, మళ్లీ కొనకపోవడం సాధారణం. కవచం లేని షాఫ్టును కొత్త యజమాని నడపకూడదన్న ఒక్క నియమాన్ని విస్తరణ సిబ్బంది పట్టుదలగా అమలు చేయించగలిగితే చాలు. రోటావేటరు కత్తులకు చుట్టుకున్న గడ్డిని తీసే ముందు పి.టి.ఓ. విడదీయడం సరిపోదు; ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, కత్తులు పూర్తిగా ఆగేవరకు వేచి ఉండాలి. రోటావేటరు తిరుగుతుండగా బండిని వెనక్కి నడపరాదు.

ఈ జిల్లాల్లో వరి కోత యంత్రాలు పెరిగినా, పశువులకు గడ్డి కావాలన్న రైతులు కుప్పలు వేసి కళ్లంలో ట్రాక్టరుతో నూర్పిడి చేయడం ఇంకా ఉంది. పరచిన పనల మీద ట్రాక్టరు గుండ్రంగా తిరుగుతుంటే, చుట్టూ ఉన్నవారు కర్రలతో గడ్డిని తిరగవేస్తుంటారు. చిన్న మలుపులో తిరిగే చిన్న ట్రాక్టరు ఈ పనికి అనువుగా కనిపిస్తుంది. నడిపేవారి చూపు ముందు చక్రం మీద ఉంటుంది. గడ్డి తిరగవేసేవారి చూపు గడ్డి మీద ఉంటుంది. రాత్రి పూట ఒక్క దీపం వెలుగులో, మంచులో, అలసటతో ఈ పని జరుగుతుంది. పిల్లలు గడ్డిలో పడుకోవడం కూడా మామూలే. బండి తిరుగుతున్నంతసేపు కళ్లం వలయంలోకి ఎవరూ రాకూడదు. ఈల వేసి బండిని ఆపి, అది ఆగిందని చూసిన తర్వాతే గడ్డి తిరగవేయాలి. పిల్లలను ఇంటి దగ్గరే పడుకోబెట్టాలి. సైలెన్సరు చుట్టూ చేరిన గడ్డిని తరచుగా తీసివేయకపోతే కుప్ప మొత్తం అంటుకునే అవకాశం ఉంది. రెండు బిందెల నీళ్లు, తడి గోనెసంచులు దగ్గర ఉంచుకోవాలి.

రోడ్డు మీద

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం వరకు సాగే 16వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపులా ఉన్న గ్రామాల రైతులు పొలానికి వెళ్లాలన్నా, ధాన్యం మిల్లుకు చేర్చాలన్నా ఆ రహదారిని దాటక తప్పదు. 80 కిలోల బస్తాలు ఇరవై వేస్తే 1,600 కిలోలు. ట్రక్కు బరువు మరో 500 కిలోలనుకుంటే, 800 కిలోల ట్రాక్టరు వెనుక 2,100 కిలోలు ఉంటాయి. ట్రక్కుకు సాధారణంగా బ్రేకులుండవు. వాలులో ఆ బరువంతా ట్రాక్టరును ముందుకు తోసి అడ్డంగా మడిచేస్తుంది. డీజిలు ఆదా కోసం వాలులో న్యూట్రల్‌లో వదలడం అత్యంత ప్రమాదకరమైన అలవాటు. ఏ గేరులో ఎక్కాల్సి ఉంటుందో అదే గేరులో దిగాలి.

పొలంలో మలుపు కోసం కుడి, ఎడమ బ్రేకులను విడివిడిగా వాడతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే కొక్కేన్ని వేయకపోతే, తొందరలో ఒక్క బ్రేకే తొక్కినప్పుడు బండి గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. మోటారు సైకిలు మాత్రమే నడిపిన కొత్త యజమానికి ఈ కొక్కెం గురించి ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు తప్పనిసరి. కేజ్ చక్రాలతో తారు రోడ్డు ఎక్కరాదు.

ఉభాల రోజుల్లో తెల్లవారుజామున మహిళా కూలీలను ట్రక్కులో ఎక్కించుకుని వెళ్లడం ఈ ప్రాంతంలో నిత్యం కనిపించే దృశ్యం. మడ్‌గార్డు మీద ఒకరో ఇద్దరో కూర్చోవడం సరేసరి. ట్రాక్టరు మీద నడిపేవారు తప్ప మరొకరు ఉండరాదని 2017 వరకు అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నియమాలే చెప్పాయి. మడ్‌గార్డు మీద నుంచి జారినవారు పడేది వెనుక చక్రం కిందే. పైగా వ్యవసాయ వినియోగానికి తీసుకున్న బీమా పాలసీ మనుషుల రవాణాలో జరిగిన ప్రమాదానికి వర్తించదని కంపెనీలు వాదిస్తాయి. పరిహారం భారం యజమానిపై పడితే ట్రాక్టరు అప్పుకు మరో అప్పు తోడవుతుంది. ఊరిలో ఎవరూ పాటించని నియమాన్ని కొత్తగా కొన్న రైతు ఒక్కడే పాటించడం కష్టమన్నది నిజమే. కూలీల ముఠా మేస్త్రీతో ఆటో ఖర్చు ముందే మాట్లాడుకోవడం ఒక మార్గం.

ట్రక్కు వెనుక ఎరుపు, పక్కల పసుపు ప్రతిఫలన పట్టీలకయ్యే ఖర్చు అతి స్వల్పం. గడ్డి, చెరకు పొడుచుకు వచ్చి వాటిని కప్పేస్తే ప్రయోజనం ఉండదు. గడ్డి మోపులు ఎత్తుగా వేసినప్పుడు పొలాల మీదుగా వేలాడే కరెంటు తీగలను చూసుకోవాలి.

తోటలు, తుపాను తర్వాత పనులు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లను కూల్చివేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విజయనగరం వైపు తోటలను దెబ్బతీసింది. అటువంటి రోజుల్లోనూ, నీలగిరి, సరుగుడు నరికిన భూమిని సాగులోకి తెచ్చేటప్పుడూ ట్రాక్టరుకు గొలుసు కట్టి మొద్దులు లాగించడం కనిపిస్తుంది. కదలని మొద్దును లాగడం, బురదలో దిగబడిన చక్రాన్ని తిప్పడం యాంత్రికంగా ఒక్కటే, ఫలితమూ ఒక్కటే. చిన్న ట్రాక్టరు మొద్దులు పెకలించే యంత్రం కాదు. ఆ పనికి ఎక్స్‌కవేటరును అద్దెకు తీసుకోవాలి.

డ్రైవరు తలపైగా ఉండే రక్షక చట్రం బోల్తాలో ప్రాణం కాపాడుతుందని నిర్వివాదంగా రుజువైంది. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు దాన్ని తప్పనిసరి చేసిన తర్వాత అక్కడ బోల్తా మరణాలు క్రమంగా దాదాపు అంతరించాయి. మన మార్కెట్లో చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి అది ఉండదు. మడిచే వీలున్న చట్రం గల నమూనా దొరికితే, ధర కొంత ఎక్కువైనా దాన్నే ఎంచుకోవాలి. జీడి కొమ్మల కింద మడిచినా, తోట దాటగానే నిలబెట్టాలి. చట్రం నిలబెట్టి ఉన్నప్పుడే సీటు బెల్టు పెట్టుకోవాలి. చట్రం లేని బండిలో బెల్టు మనిషిని బండి కిందే ఉంచుతుంది.

తొలి 50 గంటల యంత్ర సంరక్షణ

ఇది యజమాని పుస్తకంలో ఉన్నదే కనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తొలి 50 గంటలు ఇంజనుపై మధ్యస్థ భారమే వేయాలి. రోజూ నూనె, రేడియేటరు నీరు, గాలి వడపోత, చక్రాల నట్లు చూసుకోవాలి. దమ్ముకు దిగేముందు క్లచ్ హౌసింగు అడుగు రంధ్రానికి మూత బిగించి, దమ్ము ముగిశాక తీసివేయాలి. ముందు ఇరుసు గ్రీజును దమ్ము రోజుల్లో ప్రతి సాయంత్రం మార్చాలి. స్టార్టరు పనిచేయకపోతే నేల మీద నిలబడి స్క్రూడ్రైవరుతో తీగలు కలిపి ఇంజను స్టార్ట్ చేయడం మానాలి. బండి గేరులో ఉంటే ఆ మనిషి మీదుగానే కదులుతుంది.

శిక్షణ ఎక్కడ, ఎప్పుడు

దక్షిణాది రాష్ట్రాలకు ఉద్దేశించిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష కేంద్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. అది మంచి సంస్థ. అయితే శ్రీకాకుళం రైతుకు అది దాదాపు 900 కిలోమీటర్ల దూరం. ఉభాల ముందు ఒక వారం ఇల్లు వదిలి అక్కడికి వెళ్లడం చిన్న రైతుకు సాధ్యం కాదు. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు, రాగోలు పరిశోధన స్థానం, నైరా వ్యవసాయ కళాశాల దగ్గరలోనే ఉన్నాయి. ఒక రోజు తరగతి కన్నా, జూన్‌లో దమ్ము మడిలో సగం పూట, డిసెంబరులో కళ్లంలో సగం పూట చేసే ప్రదర్శన రైతుకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. కొత్త ట్రాక్టర్ల జాబితాను రైతు సేవా కేంద్రాల నుంచి తీసుకుని, మొదటి సర్వీసుకు ముందే ఆ రైతును, ఆయన కుటుంబంలో మరొకరిని పిలవడం కష్టమైన పని కాదు. విక్రేత మెకానిక్‌ను కూడా అదే రోజు రప్పిస్తే రైతుకు వేరే ప్రయాణం తప్పుతుంది.

గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండే విద్యార్థులు సరిగ్గా ఖరీఫ్ పనుల వేళకే అక్కడ ఉంటారు. తాము ఉండే గ్రామంలోని ప్రతి చిన్న ట్రాక్టరుకు చక్రాల మధ్య దూరం, పనిముట్టు బరువు, పి.టి.ఓ. కవచం ఉందా లేదా, బ్రేకు కొక్కెం పనిచేస్తున్నదా, ఆ ఊరి గట్ల ఎత్తు ఎంత అన్న ఐదు విషయాలు కొలిచి రాసుకోగలరు. బోల్తా గాని, గాయం గాని జరిగినప్పుడు ఆసుపత్రి చీటీలో "ట్రాక్టరు ప్రమాదం" అని మాత్రమే ఉంటుంది. ఏ పనిముట్టుతో, ఏ నేలలో, యజమాని ఎన్నో గంట నడుపుతుండగా జరిగిందన్న వివరం మీటరు మీది అంకెతో సహా నమోదు చేస్తే, మరుసటి జూన్ ప్రదర్శనను ఏ మడిలో, దేని మీద చేయాలో ఆ నమోదు నుంచే నిర్ణయించవచ్చు.